డాలస్ ఇంట్లో ఏసీ, ఫర్నేస్ మార్చుకోవాలంటే: మొదటి అనుమానం నుంచి ఆఖరి చెక్కు దాకా

ఫ్రిస్కో, ప్లేనో, అలెన్, ఇర్వింగ్ లాంటి ఊళ్ళలో మనవాళ్ళు కొనుక్కున్న ఇళ్ళు చాలావాటికి పదిహేను, ఇరవై ఏళ్ళు దాటాయి. ఇల్లు గట్టిగానే ఉంటుంది గానీ, ఇంటితోపాటు వచ్చిన ఏసీ, ఫర్నేస్ మాత్రం చివరి దశకు వచ్చేస్తాయి. అవి ఆగిపోయేది కూడా సరిగ్గా వాటిమీద ఎక్కువ భారం పడ్డప్పుడే, అంటే జూలై, ఆగస్టుల్లో వరసగా 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే రోజుల్లో. చిన్నపిల్లలో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో ఉక్కపోతలో అల్లాడుతుంటే ఎవరికైనా కాళ్ళూ చేతులూ ఆడవు. మొదట వచ్చిన కంపెనీవాడు చూపించిన కాగితం మీద సంతకం పెట్టేస్తాం. పది వేల డాలర్లు దాటే పని, మరో పదిహేనేళ్ళ కరెంటు బిల్లును తేల్చే పని, గంటలో ముగిసిపోతుంది.

ఆ గంట రాకముందే మీ దగ్గర లెక్కలు సిద్ధంగా ఉండాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. మీ సిస్టమ్‌కు పన్నెండేళ్ళు దాటితే, అది బాగానే నడుస్తున్నా సరే, ఈ పని అక్టోబర్లోనో, ఫిబ్రవరి, మార్చి నెలల్లోనో మొదలుపెట్టండి. అప్పుడు కంపెనీలకు తీరిక ఉంటుంది, ఇంటికొచ్చినవాళ్ళు అటిక్ (పైకప్పు కింది ఖాళీ) ఎక్కి నిదానంగా చూస్తారు, బేరానికీ వీలుంటుంది. ఇంకో మాట ఇప్పుడే చెబుతాను. ఏ బ్రాండ్ కొన్నారన్నది అందరూ అడుగుతారు. సైజు సరిగ్గా లెక్కగట్టారా, డక్టులు (గాలి గొట్టాలు) సరిచేశారా, బిగించడంలో జాగ్రత్త తీసుకున్నారా అన్నది చాలా తక్కువమంది అడుగుతారు. ఇంటి సుఖం తేలేది ఈ మూడింటితోనే.

ముందు మీ ఇంట్లో ఉన్నదేమిటో రాసుకోండి

ఇక్కడి ఇళ్ళలో మామూలుగా ఉండేది స్ప్లిట్ సిస్టమ్. గోడ పక్కన పలక మీద కూర్చున్నది కండెన్సర్, కంప్రెసర్ ఉండేది అందులోనే. అటిక్‌లో అడ్డంగా పడుకోబెట్టి ఉండేది గ్యాస్ ఫర్నేస్, దానికి ఆనుకుని గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ కాయిల్. బయటిదాన్నీ లోపలిదాన్నీ కలుపుతూ రెండు రాగి గొట్టాలు. చలికాలం వేడిగాలినీ, ఎండాకాలం చల్లగాలినీ ఇంట్లోకి తోసేది ఫర్నేస్‌లో ఉన్న ఒకే బ్లోవర్. అందుకే ఏసీ మార్చాలన్నప్పుడు ఫర్నేస్ సంగతి కూడా పక్కన పెట్టలేం. రెండంతస్తుల ఇళ్ళలో చాలాచోట్ల పైకొకటి, కిందకొకటి రెండు సిస్టములుంటాయి. రెండింటి వివరాలూ విడివిడిగా రాసుకోండి.

బయటి కండెన్సర్ వెనకవైపు రేకు మీద చిన్న లేబుల్ ఉంటుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి. మోడల్ నంబరులో 024, 036, 048, 060 లాంటి అంకెలు కనిపిస్తాయి. అవి వేల బీటీయూలు, అంటే వేడిని కొలిచే లెక్క. 12తో భాగిస్తే టన్నులు: 036 అంటే 3 టన్నులు, 048 అంటే 4 టన్నులు. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని ఇంట్లోంచి లాగి బయటపడెయ్యడం. అదే లేబుల్ మీద తయారైన తేదీ, రిఫ్రిజిరెంట్ (గొట్టాల్లో తిరుగుతూ వేడిని మోసే పదార్థం) రకం కూడా ఉంటాయి. తేదీ విడిగా రాసి లేకపోతే సీరియల్ నంబరును బట్టి తెలుస్తుంది. ఫర్నేస్ లేబుల్ తలుపు తీస్తే లోపల దొరుకుతుంది. అటిక్ ఎక్కడం సాహసం కాకూడదు కాబట్టి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, సీలింగ్‌ను మోసే జోయిస్ట్ చెక్కల మీద కాకుండా పలకలు పరిచిన దారిలోనే నడవండి. ఎండాకాలం మధ్యాహ్నం అక్కడ 130 డిగ్రీలు దాటుతుంది.

మార్చాలా, రిపేరు చాలా?

ఏసీ ఆగిపోయిందంటే అది చచ్చిపోయిందని కాదు. బయట యూనిట్ గుర్రుమంటూ ఫ్యాన్ తిరగకపోతే చాలాసార్లు పోయింది మోటారుకు ఊపునిచ్చే కెపాసిటర్ మాత్రమే. విడిగా పదుల డాలర్లలో దొరికే డబ్బా అది. చీమలు దూరి కాంటాక్టర్ (కరెంటు స్విచ్) పాడవడం టెక్సాస్‌లో మామూలే. ఏ చప్పుడూ లేకుండా మొత్తం ఆగిపోతే, అటిక్‌లో డ్రెయిన్ పైపు పాచిపట్టి మూసుకుపోయి, నీళ్ళు పొంగకుండా ఫ్లోట్ స్విచ్ కరెంటు ఆపేసి ఉండొచ్చు. అది రక్షణే, లోపం కాదు. రాగి గొట్టం మీద మంచు పేరుకుంటే ముందు ఫిల్టర్ చూడండి. ఏసీ ఆపి, ఫ్యాన్ ఒక్కటే నడిపి మంచు కరగనివ్వండి. కెపాసిటర్ జోలికి మీరు వెళ్ళొద్దు, కరెంటు ఆపినా అందులో ఛార్జి నిలిచి ఉంటుంది.

మార్చాల్సిన పరిస్థితి వేరు. కంప్రెసర్ కాలిపోవడం, ఎవాపరేటర్ కాయిల్ లీకవడం, ఫర్నేస్‌లో మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ పగలడం పెద్ద జబ్బులు. ఆఖరిదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉంది. అయితే "హీట్ ఎక్స్ఛేంజర్ పగిలింది, ఇవాళే మార్చాలి" అని భయపెట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు. కెమెరాతో తీసిన ఫొటో చూపించమనండి. ఫర్నేస్ ఆపేసి, ఇంకొకరిని పిలిపించి చూపించండి. నిజంగా పగిలి ఉంటే రెండోవాళ్ళకూ కనిపిస్తుంది.

రిఫ్రిజిరెంట్ సంగతి ఇప్పుడు ముఖ్యం. మీది ఆర్-22 అయితే ఆలోచించనవసరం లేదు. 2020 జనవరి 1 నుంచి అమెరికాలో దాని తయారీ, దిగుమతి ఆగిపోయాయి, దొరికేది పాతదీ, తిరిగి శుద్ధిచేసిందీ మాత్రమే. ఆర్-410ఎ అయితే విషయం కొంచెం చిక్కు. 2025 జనవరి 1 నుంచి కొత్త ఇంటి ఏసీలు దాంతో తయారు చేయడం లేదు. కొత్తవి ఆర్-454బి, లేదంటే ఆర్-32 తో వస్తున్నాయి. ఉన్నవాటిని రిపేరు చేసుకోవడానికి అడ్డేమీ లేదు. కానీ ఆర్-410ఎ కాయిల్‌కు ఆర్-454బి కండెన్సర్ కలిపి బిగించడం కుదరదు. పదేళ్ళు దాటిన సిస్టమ్‌లో కాయిల్ గానీ కంప్రెసర్ గానీ పోయి, వారంటీ కూడా లేకపోతే, సగం మార్చి సగం ఉంచడం నా దృష్టిలో డబ్బు వృథా. ఎనిమిదేళ్ళలోపుదైతే రిపేరే మంచిది. చాలా కంపెనీలు పదేళ్ళ విడిభాగాల వారంటీ ఇస్తాయి. పాత యజమాని దాన్ని రిజిస్టర్ చేశాడా, అది మీ పేరుకు మారుతుందా అన్నది సీరియల్ నంబరుతో కనుక్కోండి.

హోమ్ వారంటీ ఉన్నవాళ్ళు ఒప్పందం కాగితం తీసి పరిమితి ఎంతో చూసుకోండి. వాళ్ళు మిషను ఇచ్చినా, పర్మిట్, డక్టు మార్పులు, రిఫ్రిజిరెంట్ లాంటివి మీ నెత్తిన వేస్తుంటారు. వాళ్ళు పంపేవాళ్ళే బిగించాలా, డబ్బు తీసుకుని మనకు నచ్చినవాళ్ళతో చేయించుకోవచ్చా అని అడగండి. రెండోదానికి ఒప్పుకుంటే అదే మేలు.

మిషను కంటే ముందు డక్టులు

ఈ భాగమే అందరూ దాటేస్తారు. పైన గేమ్ రూమ్ వేడిగా ఉంటోంది కాబట్టి అర టన్నో, ఒక టన్నో పెద్దది వేయించుకుందాం అనుకుంటారు. ఊళ్ళో బోరుకి పెద్ద మోటారు బిగించి, సన్నని పైపు అలాగే ఉంచేస్తే నీళ్ళు ఎక్కువ రావు, మోటారు మీదే భారం పడుతుంది. ఇక్కడా అంతే.

లెక్క ఇలా ఉంటుంది. ఒక్కో టన్నుకు నిమిషానికి దాదాపు 400 ఘనపుటడుగుల గాలి కాయిల్ మీదుగా వెళ్ళాలి. దీన్నే సీఎఫ్ఎం అంటారు. 4 టన్నులకు 1,600. ఈ గాలంతా ముందు ఇంట్లోంచి వెనక్కి రావాలి, అంటే ఫిల్టర్ ఉన్న రిటర్న్ గ్రిల్‌లోంచి పోవాలి. ఒక అంగుళం మందం ఫిల్టర్‌లో ప్రతి చదరపు అంగుళానికి 2 సీఎఫ్ఎం దాకా పర్లేదని పనివాళ్ళు లెక్క వేసుకుంటారు. మీ హాల్లో ఉన్నది 20 బై 25 ఫిల్టర్ ఒక్కటే అనుకోండి. అది 500 చదరపు అంగుళాలు, అంటే 1,000 సీఎఫ్ఎం. నాలుగు టన్నుల మిషను అడిగేది 1,600. మిగతా గాలి కోసం బ్లోవర్ ఊపిరాడక కొట్టుకుంటుంది, గ్రిల్ దగ్గర ఈల వేసినట్టు చప్పుడొస్తుంది, కాయిల్ మంచుకడుతుంది. ఇంకో రిటర్న్ వేయించడం కొత్త మిషను ఖర్చులో చిన్న భాగం. ఇంటి సుఖంలో మాత్రం పెద్ద భాగం. మీ ఇంట్లో ఫిల్టర్లన్నిటి కొలతలూ రాసి ఈ గుణకారం ఇవాళే చేయండి.

అటిక్‌లో చూడాల్సినవి: మెత్తని ఫ్లెక్స్ డక్టు జోయిస్టుల మధ్య ఉయ్యాలలా వేలాడుతోందా, మలుపు దగ్గర నలిగి మూసుకుపోయిందా, డక్టులన్నీ మొదలయ్యే ప్లీనమ్ పెట్టెకు కలిసేచోట పట్టీ వదిలేసి చల్లగాలి అటిక్‌లోకి పోతోందా. జోయిస్ట్ చెక్కలు పైకి కనిపిస్తున్నాయంటే ఇన్సులేషన్ తక్కువగా ఉన్నట్టే. ఇన్సులేషన్‌ను ఆర్-38 స్థాయికి (ఇది వేడిని అడ్డుకునే కొలత, రిఫ్రిజిరెంట్ పేరు కాదు) ఊదించడం, డక్టు సందులు మాస్టిక్ అనే ముద్దతో మూయించడం కొత్త ఏసీకన్నా ముందే చేయిస్తే, కావలసిన సైజే అర టన్ను తగ్గొచ్చు.

వచ్చిన కాంట్రాక్టర్‌ను "స్టాటిక్ ప్రెషర్ కొలుస్తారా?" అని అడగండి. గాలిని తోయడానికి బ్లోవర్‌కు ఎదురయ్యే ఒత్తిడి అది. చాలా ఫర్నేసులు 0.5 అంగుళాల వాటర్ కాలమ్ దాకా తట్టుకునేలా తయారవుతాయి. మీ ఇంట్లో 0.8, 0.9 వస్తే డక్టులు ఇరుకన్నమాట. కొలవడానికి పది నిమిషాలు చాలు. ఆ ప్రశ్న వినగానే మొహం చిట్లించేవాడికి ఈ పని అప్పగించకండి.

సైజు: ఉన్నదే మళ్ళీ వేయడం లెక్క కాదు

"ఉన్నది నాలుగు టన్నులు, నాలుగే వేద్దాం." లేదా, "అయిదు వందల చదరపు అడుగులకు ఒక టన్ను." ఈ రెండు మాటలూ మీకు వినిపిస్తాయి. రెండూ కాకిలెక్కలే. అసలు పద్ధతి పేరు మాన్యువల్ జె. గదుల కొలతలు, కిటికీలు ఏ దిక్కున ఎన్ని, గాజు ఎలాంటిది, అటిక్ ఇన్సులేషన్, సందులు, ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఊరి వాతావరణం అన్నీ వేసి గదిగదికీ ఎంత వేడి లాగాలో తేల్చేది అది. దాన్నిబట్టి మిషను ఎంచుకోవడం మాన్యువల్ ఎస్, డక్టు కొలతలు తేల్చడం మాన్యువల్ డి. పడమటి వైపు పెద్ద కిటికీలున్న ఇల్లూ, అదే నమూనాలో కట్టి తూర్పుకి కిటికీలున్న ఎదురిల్లూ ఒకే సైజు అడగవు.

పెద్దది వేసుకుంటే నష్టమేమిటని చాలామంది అడుగుతారు. పెద్ద మిషను పది నిమిషాల్లో గాలిని చల్లబరిచి ఆగిపోతుంది. గాల్లో తేమ పోవాలంటే కాయిల్ చల్లగా చాలాసేపు ఉండాలి. ఆ వ్యవధే దొరకదు. థర్మోస్టాట్ 74 చూపిస్తుంటుంది, ఒళ్ళు మాత్రం జిడ్డుజిడ్డుగా ఉంటుంది. పడమటి గది వేడిగానే ఉంటుంది. మాటిమాటికీ ఆగి మొదలవడం వల్ల కంప్రెసర్ తొందరగా అరిగిపోతుంది.

మీ పాతదాని సైజు సరైందా కాదా చూడటానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. 100 డిగ్రీల ఎండ ఉన్న రోజు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా అది ఎంతసేపు నడిచి ఎంతసేపు ఆగుతోందో రాసుకోండి. స్మార్ట్ థర్మోస్టాట్ ఉంటే ఆప్‌లో ఆ చరిత్ర ఉంటుంది. దాదాపు ఆగకుండా నడుస్తూ, పెట్టిన డిగ్రీని నిలబెడుతుంటే సైజు సరిపోయినట్టే. అది చూసి "పాపం, ఊపిరి తీసుకోవడం లేదు" అనుకోవద్దు, అది నడవాల్సిన తీరే అది. అంత ఎండలోనూ పావుగంట నడిచి పావుగంట ఆగుతుంటే అది పెద్దది. ఈ కాగితం కాంట్రాక్టర్‌కు చూపిస్తే, ఎదురుగా ఉన్నది తెలిసిన మనిషేనని అతనికీ అర్థమవుతుంది.

మన ఇళ్ళకు సంబంధించి ఇంకో మాట. సత్యనారాయణ వ్రతానికి, పిల్లల పుట్టినరోజుకి అరవైమంది వస్తారు, అప్పుడు చల్లబడటం లేదు కాబట్టి పెద్దది కావాలి అనే వాదన చాలా ఇళ్ళలో విన్నాను. ఏడాదికి నాలుగు రోజుల కోసం మిగతా ఏడాదంతా జిడ్డులో బతకొద్దు. ఆ రోజు తెల్లవారుజామునే మూడు, నాలుగు డిగ్రీలు తగ్గించి పెట్టండి. గోడలు, సోఫాలు, నేల చల్లబడి ఉంటే మధ్యాహ్నం జనాన్ని కాస్తాయి.

ఏ రకం తీసుకోవాలి

గ్యాస్ ఫర్నేస్, ఏసీ కలిపి ఒక దారి. హీట్ పంప్ రెండో దారి. రెండూ కలిసినది మూడోది. హీట్ పంప్ అంటే ఏసీయే, చలికాలం తిరగేసి బయటి గాల్లో ఉన్న వేడిని లోపలికి లాగుతుంది. డాలస్‌లో చలికాలం చాలా రోజులు చలి మరీ ముదరదు కాబట్టి అది హాయిగా సరిపోతుంది. చలి బాగా ముదిరినప్పుడు గ్యాస్ ఫర్నేస్ అందుకునేలా అమర్చిందాన్ని డ్యూయల్ ఫ్యూయల్ అంటారు. ఇంటికి గ్యాస్ లైను ఎలాగూ ఉంటే, బడ్జెట్ ఒప్పుకుంటే, నా మొగ్గు దీనికే.

2021 ఫిబ్రవరి తుఫాను ఇక్కడివాళ్ళెవరూ మరిచిపోలేదు. ఫిబ్రవరి 16న డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయంలో మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. గ్యాస్ ఫర్నేస్ ఉంది కాబట్టి మాకేం కాదనుకున్నవాళ్ళూ వణికారు, ఎందుకంటే దాని బ్లోవరుకీ, బోర్డుకీ కరెంటు కావాలి. తేడా ఎక్కడంటే, ఫర్నేస్ 120 వోల్టుల మీద కొద్ది కరెంటుతో నడుస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో సరైన ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించుకుంటే చిన్న జనరేటరే దాన్ని నడపగలదు. హీట్ పంప్‌కు 240 వోల్టులు, చాలా పెద్ద జనరేటర్ కావాలి. జనరేటర్ గరాజ్‌లో పెట్టొద్దు, తలుపు తెరిచి ఉన్నా సరే. ప్రాణాలు పోయాయి అలా.

ఫర్నేసుల్లో 80 శాతం సామర్థ్యంవీ, 90 శాతం దాటినవీ ఉంటాయి. పెద్ద అంకెది చలిదేశాలకు బంగారం. డాలస్‌లో హీటర్ నడిచేది కొన్ని నెలలే. 80 తీసి 95 పెట్టాలంటే పొగగొట్టం బదులు పీవీసీ పైపులు, అదనపు డ్రెయిన్ కావాలి, అటిక్‌లో ఆ డ్రెయిన్ గడ్డకట్టే భయం ఒకటి. ఆ డబ్బు డక్టుల మీద పెట్టండి.

కరెంటు సామర్థ్యం సీర్2 అనే అంకెలో చెబుతారు. 2023 జనవరి 1 నుంచి టెక్సాస్ లాంటి దక్షిణ రాష్ట్రాల్లో 45,000 బీటీయూల లోపు స్ప్లిట్ ఏసీకి కనీసం 14.3, అంతకుమించినదానికి 13.8 ఉండాలి. 20 చూపించి ఊరిస్తారు. 16, 17 దగ్గర ఆగడం చాలా ఇళ్ళకు సరిపోతుంది. ఆ అంకెకన్నా ఎన్ని స్టేజిలు (నడిచే వేగాలు) అన్నదే ఒంటికి తెలుస్తుంది. రెండు స్టేజిల కంప్రెసర్ తక్కువ వేగంలో ఎక్కువసేపు నడిచి తేమ బాగా లాగుతుంది. వేగాన్ని నిరంతరం మార్చుకునేది ఇంకా నిశ్శబ్దంగా, హాయిగా ఉంటుంది, కానీ దాని బోర్డు పోతే ఖర్చు ఎక్కువ, కొన్నిటికి ఆ కంపెనీ థర్మోస్టాటే వాడాలి. మొదటి నుంచీ ఉన్న ఇల్లు, అయిదారేళ్ళలో అమ్మేసే ఉద్దేశం లేదు అంటే రెండు స్టేజిలు తీసుకోండి.

బ్రాండ్ గురించి రెండు మాటలే. క్యారియర్, బ్రయంట్, పేన్ ఒకే ఇంటివి. ట్రేన్, అమెరికన్ స్టాండర్డ్ ఒకే ఇంటివి. గుడ్‌మన్, అమానా రెండూ డైకిన్‌వి, హ్యూస్టన్ దగ్గర వాలర్‌లో వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. పేరు కోసం రెండు మూడు వేలు ఎక్కువ పెట్టే ముందు అదే ఇంట్లో చౌక పేరుతో వచ్చేది చూడండి.

కొటేషన్లు: మూడు తీసుకోండి, అన్నీ కాగితం మీద

టెక్సాస్‌లో ఏసీ కాంట్రాక్టర్‌కు టీడీఎల్ఆర్ అనే రాష్ట్ర శాఖ లైసెన్సు ఇస్తుంది. ఆ నంబరు టీఏసీఎల్‌తో మొదలవుతుంది, వ్యాను మీద, కొటేషన్ కాగితం మీద ఉండాలి. తర్వాత వచ్చే ఎ, బి అక్షరాల్లో ఏదైనా ఇంటి పనికి చాలు. ఆ శాఖ వెబ్‌సైట్లో నంబరు కొట్టి చెల్లుబాటులో ఉందో లేదో చూసుకోండి, రెండు నిమిషాల పని. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఇచ్చిన నంబరైనా, మనవాడే అయినా ఇది మానొద్దు. "నగదు ఇస్తే పర్మిట్ లేకుండా సగం ధరకి" అనే బేరం రేపు ఇల్లు అమ్మేటప్పుడు ఇన్‌స్పెక్షన్‌లో బయటపడుతుంది, వారంటీ దగ్గర ఇబ్బంది పెడుతుంది.

కొటేషన్‌లో బయటి యూనిట్, కాయిల్, ఫర్నేస్ మూడింటి మోడల్ నంబర్లూ ఉండాలి. ఆ మూడూ కలిసి పరీక్షించిన జోడీ అని చెప్పే ఏహెచ్‌ఆర్‌ఐ (ఏసీ పరిశ్రమ సంఘం) సర్టిఫికెట్ నంబరు అడగండి. అది లేకపోతే చెప్పిన సీర్2 ఉత్తమాట. సిటీ పర్మిట్ ఎవరు తీస్తారు, రాగి గొట్టాలు కొత్తవా, పాతవే శుభ్రం చేసి వాడతారా, కాయిల్ కింద సెకండరీ డ్రెయిన్ పాన్, ఫ్లోట్ స్విచ్ కొత్తవేనా, డక్టుల్లో ఏమేం మారుస్తారు, పాత మిషను తీసుకెళ్తారా, పనితనానికి వారంటీ ఎన్నేళ్ళు, అన్నీ రాతలో. విడిభాగాలకు పదేళ్ళ వారంటీ ఉన్నా, విప్పి బిగించే కూలీ అందులో రాదు. ఒకే ఏడాది లేబర్ వారంటీ ఇచ్చేవాడికీ, అయిదేళ్ళు ఇచ్చేవాడికీ తన పని మీద నమ్మకంలో తేడా ఉంటుంది.

మూడు కొటేషన్లూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు కింద అంకె ఒక్కటే చూడకండి. రెండు వేలు తక్కువ చెప్పినవాడు రిటర్న్ గురించి ఒక్క ముక్క కూడా రాయకపోవచ్చు. "సున్నా వడ్డీ" ఫైనాన్సుకు ఆ వడ్డీ ధరలోనే కలిపి ఉంటుంది. చెక్కు ఇస్తే ఎంత అని విడిగా అడగండి. "ఈ ధర ఇవాళ్టికే" అన్నవాడికి నమస్కారం పెట్టి పంపించండి. ఇంట్లో కూర్చుని ఒత్తిడి మీద సంతకం పెట్టేశారనుకోండి, ఇంటికొచ్చి అమ్మిన ఒప్పందాలను మూడు పనిదినాల్లోపు రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ నిబంధనల్లో ఉంది. అత్యవసరమని మీరే పిలిచి ఆ హక్కు వదులుకుంటూ రాసిస్తే మాత్రం అది పోతుంది. అలాంటి కాగితం ఉందేమో చూసి సంతకం పెట్టండి.

హీట్ పంపులకు ఖర్చులో 30 శాతం, 2,000 డాలర్ల దాకా ఇచ్చిన ఫెడరల్ టాక్స్ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో ముగిసింది. ఇంకా అది చూపించి ధర తక్కువలా లెక్కగట్టే సేల్స్‌మన్ మాట నమ్మొద్దు. కరెంటు లైన్ల కంపెనీ, తయారీదారు ఇచ్చే రిబేట్లు ఏమైనా ఉన్నాయా అన్నది విడిగా కనుక్కోండి.

పని రోజు

ఒక సిస్టమ్ మార్చడానికి సాధారణంగా ఒక రోజు, డక్టుల పని ఉంటే రెండు. అటిక్ మెట్ల కింద కారు తీసేయండి, దారిలో సామాన్లు జరపండి. పనివాళ్ళకు చల్లటి నీళ్ళు ఇవ్వండి, ఆ అటిక్‌లో ఒళ్ళు కాలిపోతుంది. వాళ్ళ భుజం మీదుగా రోజంతా చూడక్కర్లేదు గానీ, నాలుగు ఘట్టాల్లో మాత్రం దగ్గరుండి ఫొటో అడగండి.

పాత రిఫ్రిజిరెంట్‌ను మిషనుతో సిలిండర్‌లోకి తీయాలి. గాల్లోకి వదిలేయడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాగి గొట్టాలు అతికించేటప్పుడు లోపల నైట్రోజన్ నెమ్మదిగా పారుతుండాలి, లేకపోతే గొట్టం లోపల నల్లటి పొలుసు ఏర్పడి తర్వాత వాల్వులో ఇరుక్కుంటుంది. అతికాక నైట్రోజన్‌తోనే ఒత్తిడి పెట్టి లీకు పరీక్ష. ఆ తర్వాతది అన్నిటికన్నా ముఖ్యం, వాక్యూమ్. లోపలి గాలి, తేమ అంతా లాగేసి మైక్రాన్ గేజ్ 500 కన్నా కిందికి రావాలి. పంపు ఆపాక కూడా ఆ అంకె పరిగెత్తి పైకి పోకుండా నిలబడాలి. తొందరలో ఉన్నవాళ్ళు కోసేసేది ఈ ఘట్టాన్నే. గేజ్ మీద అంకె కనిపించేలా ఫొటో కావాలని పొద్దున్నే మర్యాదగా చెప్పి ఉంచండి. చెప్పి ఉంచితే చేస్తారు.

వెళ్ళేముందు వాళ్ళ చేత పాన్‌లో నీళ్ళు పోయించి ఫ్లోట్ స్విచ్ ఏసీని ఆపుతోందో లేదో చూడండి. ఇది చేయకపోతే ఎప్పుడో ఒకరోజు పడగ్గది సీలింగ్ మీద పసుపు మరక వస్తుంది. గ్యాస్ కలిపినచోట సబ్బునురగ పరీక్ష చేయించండి. స్టాటిక్ ప్రెషర్ మళ్ళీ కొలిపించి, పాత అంకె పక్కన రాయించుకోండి. రిఫ్రిజిరెంట్ సరిపడా ఉందో లేదో చెప్పే సబ్‌కూలింగ్, సూపర్‌హీట్ అంకెలు కూడా స్టార్టప్ కాగితం మీద ఉండాలి. మీరే చేసుకోగల పరీక్ష: పావుగంట నడిచాక రిటర్న్ దగ్గరా, దగ్గర్లోని వెంట్ దగ్గరా థర్మామీటర్ పెట్టి చూడండి. తేడా 16 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలి.

తర్వాత సిటీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఆయన పాస్ చేశాకే ఆఖరి చెక్కు ఇచ్చేలా ముందే మాట్లాడుకోండి.

కొత్తది వచ్చాక

వారంటీ రిజిస్ట్రేషన్ మీరే చేయండి, కాంట్రాక్టర్ చేస్తానన్నా సరే. చాలా కంపెనీలు 60 లేదా 90 రోజుల గడువు పెడతాయి, దాటితే పదేళ్ళు అయిదుకి పడిపోతుంది. నిర్ధారణ మెయిల్‌ను, మైక్రాన్ గేజ్ ఫొటోను, పర్మిట్ కాగితాన్ని ఒకేచోట దాచండి.

మన వంటకి ఫిల్టర్లు మామూలు గడువు ఆగవు. పోపు పొగ, నూనె తుంపర, అగరువత్తుల మసి అన్నీ రిటర్న్‌లోకే వెళ్తాయి. అంగుళం ఫిల్టర్‌ను మూణ్ణెల్లకని డబ్బా మీద రాసి ఉన్నా, నెలకోసారి వెలుతురుకి పట్టి చూడండి. పొగను బయటికి పంపకుండా మళ్ళీ వంటింట్లోకే ఊదే చిమ్నీ ఉంటే, దాన్ని బయటికి గొట్టం ఉన్నదానిగా మార్చడం కాయిల్‌కు మీరు చేసే పెద్ద మేలు. ఇంట్లో హోమం చేసే రోజు థర్మోస్టాట్ ఆపేసి, ఫ్యాన్ కూడా ఆపి, కిటికీలు తెరిచి, పొగ పోయాక మళ్ళీ వేయండి. ఎలర్జీ కోసం సన్నని దుమ్మునూ పట్టే మెర్వ్ 13 ఫిల్టర్ కావాలంటే అంగుళం మందంలో వద్దు, గాలి ఆగిపోతుంది. నాలుగంగుళాల మీడియా క్యాబినెట్ పని రోజే పెట్టించుకుంటే చవకలో అయిపోతుంది.

డ్రెయిన్ పైపులో ఎండాకాలం రెండు నెలలకోసారి కప్పు తెల్ల వెనిగర్ పోయండి. ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్ళు చలికి తట్టుకోలేక వెంట్లు మూసేస్తుంటారు. ఒకటీ అరా అయితే పర్లేదు, నాలుగైదు మూస్తే మళ్ళీ స్టాటిక్ ప్రెషర్ పెరుగుతుంది. మంచం మీద నేరుగా పడకుండా వెంట్‌కు గాలి మళ్ళించే ప్లాస్టిక్ రెక్క తగిలించండి. పడగ్గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఇప్పుడే పెట్టండి.

వసంతంలో వేయించుకున్న సిస్టమ్‌లో హీటర్‌ను ఎవరూ పరీక్షించరు. నవంబర్ దాకా ఆగకుండా, పని అయిన వారంలోనే ఒక పొద్దున అరగంట హీట్ వేసి చూడండి. మొదటిసారి కొంచెం కాలిన వాసన వస్తుంది, పోతుంది. డ్యూయల్ ఫ్యూయల్ అయితే హీట్ పంప్ నుంచి గ్యాస్‌కు మారే ఉష్ణోగ్రత ఎంత పెట్టారో కాంట్రాక్టర్‌ను అడిగి రాసుకోండి. మొదటి చలికాలం గ్యాస్ బిల్లు, కరెంటు బిల్లు పక్కపక్కన చూసుకుని దాన్ని మార్పించుకోవచ్చు. లేబర్ వారంటీ ఒకే ఏడాది అయితే, అది ముగియడానికి నెల ముందు ఒకసారి పిలిపించి, స్టార్టప్ కాగితం మీది అంకెలన్నీ మళ్ళీ కొలిపించండి.